ఊటీ ఈ-పాస్: సొంత కార్లకు పరిమితి పెట్టడం న్యాయమేనా?

కృష్ణాతీరం:
వేసవి సెలవుల్లో పిల్లలతో, అమ్మానాన్నలతో ఊటీ వెళ్దామని ప్లాన్ చేసుకున్నాం. మైసూరు, బండీపూర్ మీదుగా మా కారులోనే వెళ్లాలని అనుకున్నాం. తీరా చూస్తే శని, ఆదివారాలకు ఈ-పాస్ దొరకలేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాలోకి వచ్చే బయటి బండ్లకు ఈ-పాస్ తప్పనిసరి చేశారు. డబ్బు కట్టక్కర్లేదు. 2025 వేసవికి వచ్చేసరికి పరిమితి కూడా పెట్టారు: మామూలు రోజుల్లో 6,000 బండ్లు, వారాంతాల్లో 8,000.

నాకు ఇది మింగుడుపడటం లేదు. ఒకప్పుడు ఊటీ ఎవరిది? ఫెర్న్‌హిల్స్ ప్యాలెస్ మైసూరు ఒడెయార్లది, ఆరన్‌మోర్ జోధ్‌పూర్ మహారాజుది. నిజాముకూ అక్కడ బంగళా ఉండేది. ఇక గవర్నర్లు, దొరలు సరేసరి. మనలాంటి వాళ్లు ఆ కొండెక్కాలంటే వాళ్ల సామాన్లు మోయడానికో, వంట చేయడానికో ఎక్కాలి. ఇన్నాళ్లకు మధ్యతరగతి మనిషి ఈఎంఐ కట్టుకుని ఒక కారు కొనుక్కుంటే, ఆ కారుతో వెళ్దామంటే మళ్లీ గేటా? ఏమంటారు?

నీలిమల:
మీ బాధ అర్థమైంది కానీ వాదనలో ఒక ముడి ఉందండీ. ఆ గేటు మనిషికి కాదు, బండికి. ప్రభుత్వ బస్సెక్కి వెళ్తే పాస్ అడగరు, రైల్లో వెళ్తే అసలే అడగరు. రాజుల కాలంలో మనిషినే ఆపారు. ఇప్పుడు ఆపుతున్నది మనిషి వెంట వచ్చే ఇనుమును. ఈ రెండింటినీ ఒక గాటన కట్టకండి.

ఆ ఊరు ఎంతమంది కోసం తయారైందో చూడండి. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1819లో పైకి వచ్చేటప్పటికి అక్కడున్నది తోడా గిరిజనులు, వాళ్ల గేదెలు మేసే పచ్చిక మైదానాలు, మధ్య మధ్య కొండ మడతల్లో పెరిగే దట్టమైన షోలా అడవులు. తర్వాత అది మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని అయింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాల ఫైళ్లు కూడా ఎండాకాలమంతా ఆ కొండ మీదే తిరిగేవి. రైలు కూనూరు దాకా వచ్చింది 1899లో, ఊటీ చేరింది 1908లో. అంతకుముందు గుర్రాలు, ఎడ్లబండ్లు, పల్లకీలు. ఆ రోడ్లు, వంతెనలు, చెరువులు కొద్దిమంది కోసం వేసినవి. ఎకరాల తోటలో ఒక మహారాజు కుటుంబం ఉన్నచోట ఇప్పుడు ఎన్ని లాడ్జీలు వచ్చాయో మీరే చూస్తారు. కానీ ఊటీ నడిబొడ్డున చారింగ్ క్రాస్ కూడలి దగ్గర రోడ్డు మాత్రం పెరగలేదు, పెరగడానికి చోటూ లేదు. సీజన్‌లో రోజుకు సుమారు 20,000 బండ్లు కొండెక్కుతున్నాయని కోర్టు ముందుకు లెక్క వచ్చింది. ఆ రద్దీలో కూనూరు ఘాట్‌లో ఒక అంబులెన్స్ ఇరుక్కుంటే ఏం చేస్తారు?

ఇంకొకటి. 2009 నవంబరు వానలకు ఆ జిల్లాలో కొండచరియలు విరిగిపడి 40 మందికి పైగా చనిపోయారు. ఆ వాలుల మీద పార్కింగ్ కోసం, రోడ్ల వెడల్పు కోసం ఇంకా తవ్వమనడం నాకు భయంగా ఉంది. అందుకే పరిమితి కావాల్సిందే అంటాను.

ఘాట్‌రోడ్డు:
ఇద్దరూ టూరిస్టుల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను మెట్టుపాళయంలో ఉంటూ క్యాబ్ నడుపుతాను. మా తాతల నాడే ఇక్కడికొచ్చిన తెలుగువాళ్లం. నీలగిరి జిల్లా బండి, అంటే టీఎన్ 43 నంబరు ఉంటే మినహాయింపు. నాది కొండ కిందది కాబట్టి నేను బయటివాణ్ణి! రైలు దిగిన ఫ్యామిలీని పైన దించి వచ్చేయడమే నా పని, నా బండి అక్కడ రాత్రి కూడా ఉండదు. అయినా హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగు రోజులు పార్క్ చేసే కారు, నా బండి ఒకే లెక్కలో పడతాయి. 2025 ఏప్రిల్‌లో నీలగిరి వ్యాపారులు ఊరికే బంద్ చేశారా? రూల్ పెట్టేముందు బతుకుల గురించి కూడా అడగాలి.

కృష్ణాతీరం:
నీలిమల గారూ, బస్సు, రైలు అని చెప్పడం తేలిక. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్టాండులో సామాన్లతో నిలబడి, కిక్కిరిసిన బస్సులో మలుపులన్నీ తట్టుకుని ఎక్కగలదా? ఇక బొమ్మ రైలు టికెట్ దొరకడం లాటరీ తగిలినట్టే. ప్రత్యామ్నాయం చూపించకుండా పరిమితి పెడితే నష్టపోయేది ఎవరు? ముసలివాళ్లు, చిన్నపిల్లల తల్లులు. డబ్బున్నవాడు వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్తాడు, లేదా పైన టీఎన్ 43 కారు మాట్లాడుకుంటాడు.

నీలిమల:
ఈ మాట నిజం, దీన్ని పక్కన పెట్టకూడదు. రైలు విషయంలోనూ మీతో ఏకీభవిస్తాను. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, పైకెక్కడానికి ఐదు గంటలు పడుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల చట్రం పట్టుకుని పాకే బండి అది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. దాన్ని కళ్లారా చూడాలి, ఎక్కాలి. కానీ వేలమందిని మోయమంటే అది మోయలేదు.

కాబట్టి భారం పడాల్సింది బస్సుల మీదే. నా అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది: బండ్లను లెక్కపెడుతున్నారు, మనుషుల్ని కాదు. ఇద్దరు కూర్చున్న పెద్ద కారూ ఒకటే, పన్నెండు మందిని తెచ్చిన వ్యానూ ఒకటే. నా చేతిలో ఉంటే ఎక్కువమందిని మోసే బండికి ముందు పాస్ ఇస్తాను. పెద్దవాళ్లు, వికలాంగులు ఉన్న కుటుంబాలకు విడిగా కొంత కోటా పెడతాను. మెట్టుపాళయంలో, గూడలూరులో కార్లు వదిలేయడానికి పెద్ద పార్కింగ్ కట్టి, అక్కడి నుంచి ముందే సీటు బుక్ చేసుకునే చిన్న బస్సులు నడపాలి. ఘాట్‌రోడ్డు గారి లాంటివాళ్ల క్యాబ్‌లను కూడా దించి వచ్చే బండ్లుగా విడిగా లెక్కించాలి. కొండ ఎంత బరువు మోయగలదో అధ్యయనం చేయమని ఐఐటీ మద్రాసునూ, ఐఐఎం బెంగళూరునూ కోర్టు అడిగింది. ఆ అధ్యయనంలో ఈ లెక్కలు కూడా ఉండాలని నా కోరిక.

ఘాట్‌రోడ్డు:
దించి వచ్చే బండ్లు అన్నారు చూడండి, అది నాకు సమ్మతమే. కానీ సాయంత్రంలోగా కిందికి రాకపోతే జరిమానా అని కూడా రాయండి. లేదంటే ఆ పేరు చెప్పి అందరూ పైనే ఉండిపోతారు. నాకు తెలిసినవాళ్లే ఉండిపోతారు.

కృష్ణాతీరం:
మనుషుల్ని లెక్కపెట్టాలన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. మేం ఆరుగురం ఒకే కారులో వెళ్తున్నాం మరి. కానీ పార్కింగూ, బస్సులూ వచ్చాకే ఇంత గట్టి పరిమితి పెట్టాల్సింది. ముందు తలుపు వేసి తర్వాత దారి కడతామనడాన్ని మాత్రం సమర్థించలేను. ఈసారికి సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు వెళ్లి అక్కడి నుంచి క్యాబ్ మాట్లాడదామని ఇంట్లో అంటున్నారు. ఘాట్‌రోడ్డు గారూ, మంగళవారం అయితే మీ బండికి పాస్ సులువుగా దొరుకుతుందా?

ఘాట్‌రోడ్డు:
వారం మధ్యలో దొరుకుతుందండీ, ముందే తీసుకుంటాను. పైకి కూనూరు మీదుగా వెళ్తాం, సీజన్‌లో కిందికి కోటగిరి దారిలో పంపుతారు. అమ్మగారికి ముందు సీటు ఇద్దాం. చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాత్రం తేవొద్దు, చెక్‌పోస్టులో తీసేసుకుంటారు. స్టీలు సీసా పెట్టుకోండి.