మూడేళ్ల పాపను ప్లే స్కూలులో చేర్చే ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న: కంటోన్మెంట్ వాసి, విజయనగరం

అందరికీ నమస్కారం. మా పాపకు వచ్చే నెలతో మూడేళ్లు నిండుతాయి. మేమిద్దరమూ ఉద్యోగస్తులమే. మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు గాని మోకాళ్ల నొప్పులతో పాప వెంట తిరగలేకపోతున్నారు. అందుకని జూన్‌లో ఎక్కడైనా చేర్చాలనుకుంటున్నాము.

రింగు రోడ్డు వైపు ఒక ప్లే స్కూలు చూశాము. ఏసీ గదులు, గోడల నిండా బొమ్మలు, ప్రతి గదిలోనూ పెద్ద తెర ఉన్నాయి. ఏడాది తిరిగేలోగా పాప ఇంగ్లీషు అక్షరాలు, వంద వరకు అంకెలు రాసేస్తుందని వారు గట్టిగా చెప్పారు. మా వీధి చివర మరొకటి ఉంది. రెండు గదుల పెంకుటిల్లు, వేపచెట్టు కింద ఇసుక, కొద్దిమంది పిల్లలు. అక్కడ హోంవర్కు లేదు, పిల్లల చేతిలో నోటుబుక్కు కూడా లేదు. మా వారు మొదటి దాని వైపు మొగ్గుతున్నారు. మా అత్తగారేమో పక్క వీధి అంగన్‌వాడీకి ఏం తక్కువని అడుగుతున్నారు. ఫీజు సంగతి అలా ఉంచితే, పిల్లలను బాగా చూసుకుంటున్నారో లేదో, వయసుకు తగినది నేర్పుతున్నారో లేదో, ఒకసారి వెళ్లి చూసివచ్చేవారు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్, గజపతినగరం

అమ్మా, ఉదయం ప్రార్థన వేళ వెళ్లకండి, ఆ సమయంలో ప్రతి బడీ బాగానే కనిపిస్తుంది. పిల్లలు అన్నాలు తినే వేళకు వెళ్లి ఒక మూల కూర్చోండి. ఒక పిల్లవాడు పప్పన్నం గౌను మీదో నేల మీదో ఒలకబోసినప్పుడు ఆయా ముఖం ఎలా మారుతుందో చూడండి. విసుగ్గా ఈడ్చి తుడుస్తుందా, లేక గుడ్డ వాడి చేతికే ఇచ్చి తానూ పక్కన కూర్చుంటుందా అన్నది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. దొడ్డికి వెళ్తానన్న పిల్లను ఎవరు తీసుకువెళ్తున్నారు, వచ్చాక సబ్బుతో చేతులు కడుగుతున్నారా, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుంటున్నారా లేక తెర ముందు కూర్చోబెడుతున్నారా, ఇవన్నీ ఆ అరగంటలోనే బయటపడతాయి. పనిలో ఉన్నన్నాళ్లూ నేను సెంటర్లను ఇలాగే అంచనా వేసేదాన్ని. రిజిస్టర్లు తరువాత చూసేదాన్ని.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు ఉన్నారన్నది తప్పక అడగండి. ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 20 మంది పిల్లలకు ఒక టీచరు, వారితో పాటు ఒక ఆయా ఉండాలి. మూడేళ్లు నిండని పిల్లలను చేర్చుకోకూడదు. మీ పాపకు ఆ వయసు ఇప్పుడే వస్తోంది కనుక తొందరపడవలసిన అవసరం లేదు.

మీ అత్తగారి మాట తీసిపారేయవలసినది కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం కింద అంగన్‌వాడీలో తిండి, నెలనెలా బరువు చూడడం, టీకాల పట్టిక, ఆటపాటలతో చదువు అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. బిడ్డ బరువు మూడు నెలలుగా పెరగలేదని చెప్పే ప్రైవేటు బడిని నేనింతవరకు చూడలేదు. 2023లో మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ (పోషణతో పాటు చదువు కూడా) కార్యక్రమం కింద టీచర్లకు ఈ వయసు పిల్లల చదువు మీద శిక్షణ కూడా ఇస్తున్నారు. కాకపోతే ఫోనులో యాప్‌లు నింపడం, సర్వేలు, ఇంటింటికీ తిరగడం వంటి పనులన్నీ ఆ టీచరు నెత్తినే ఉంటాయి. అందుచేత సెంటరుకు, సెంటరుకు తేడా ఎక్కువ. అక్కడికీ ఒక పూట వెళ్లి చూడండి.

జవాబు: ఎస్జీటీ, ఎచ్చెర్ల

ఒకటో తరగతి చెప్పేవాడిగా రాత విషయం మాత్రం చెబుతాను. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగానే ఉంటాయి. మూడేళ్ల వయసుకు వాటిలో కొన్ని మాత్రమే గట్టిపడతాయి, మిగిలినవి గట్టిపడడానికి బడి వయసు చాలావరకు పడుతుంది. ఆ చేతితో గీతల మధ్య అక్షరాలు దిద్దిస్తే పిల్ల పెన్సిలును పిడికిట బిగించి పట్టుకుంటుంది, ఆ పట్టు తరువాత మాన్పించడం మాకు పెద్ద పని. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, తడి ఇసుకలో వేలితో గీయడం, కాగితం చింపి అంటించడం, ఇవే ఆ వయసుకు రాత పాఠాలు. వేపచెట్టు కింద ఇసుక చూసి మీ వారు అక్కడ చదువు లేదనుకొని ఉంటారు గాని, చదువు అక్కడే ఉండవచ్చు.

రెండేళ్లు నర్సరీ, ఎల్‌కేజీ చదివి వచ్చిన పిల్లలు కొందరు పలక నిండా అక్షరాలు ముత్యాల్లా రాస్తారు. ‘నిన్న సంతలో ఏం చూశావు?’ అని అడిగితే మాత్రం ఒక్క వాక్యం చెప్పలేక నేల చూపులు చూస్తారు. ఇంట్లో గలగల మాట్లాడే పిల్ల బడిలో మూగబోయిందంటే, అక్కడ ఎవరూ దానితో తీరికగా మాట్లాడలేదనే నా అభిప్రాయం. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా లెక్కించింది, ఆటను, ఇంటి భాషను ముందు పెట్టింది. కాబట్టి మూడేళ్లకే వంద అంకెలు రాయిస్తామన్న బడి దేని కోసం పరుగు పెడుతున్నదో నాకు అర్థం కాదు. ఐదు చింతపిక్కలు లెక్కపెట్టి, రెండు తీసేస్తే ఎన్ని మిగిలాయో చెప్పగల పిల్లకు అంకె రాయడం తరువాత ఎంతసేపు?

జవాబు: నాగావళి గట్టు, శ్రీకాకుళం

మాస్టారి మాటలు చాలావరకు సమంజసమే, అయితే చింతపిక్కల దగ్గర ఆగాలి. మూడేళ్ల పిల్లలు వాటిని ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. పల్లీలు గొంతుకు అడ్డం పడతాయి. పెద్దవారు ఎదురుగా కూర్చొని ఆడించగలిగితేనే అటువంటివి మంచివి. పెంకుటిల్లు, వేపచెట్టు అనగానే మనసు కరిగిపోకూడదు. నీళ్ల సంపు మీద మూత ఉందా, గేటు గడియ పిల్లకు అందుతుందా, ఇసుకలోకి రాత్రిళ్లు పిల్లులు రాకుండా ఏమైనా కప్పుతున్నారా అన్నవి కూడా చూడండి. బడి ఆటోలో ఎందరిని కుక్కుతున్నారో ఒకసారి రోడ్డు మీద నిలబడి చూడండి. పాపను ఎవరి చేతికి అప్పగిస్తారో, మీరు రాలేని రోజున ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

ఇద్దరూ ఉద్యోగస్తులన్నారు. ఇటువంటి బడులు సాధారణంగా మూడు నాలుగు గంటలే నడుస్తాయి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు పాప ఎక్కడ ఉంటుందన్నది మీకు అసలు సమస్య. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం, అంటే పనివేళల్లో ఉద్యోగుల పిల్లలను చూసుకునే చోటు, కల్పించాలి. మీ కార్యాలయంలో అడిగి చూశారా? మన వైపు చాలామందికి ఆ సంగతే తెలియదు.

మరొక మాట. బోర్డు మీద ‘మాంటిస్సోరి’ అని ఉంటే మురిసిపోనక్కరలేదు. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో, తమకు నచ్చిన సామగ్రితో చాలాసేపు ఎవరి పని వారు చేసుకుంటారు. పిల్లలందరూ వరుసగా కూర్చొని ఒకే రైము అరుస్తుంటే బోర్డు మీద ఏ పేరున్నా ఒకటే.

కంటోన్మెంట్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టే అన్నాల వేళ వెళ్లాము. రింగు రోడ్డు బడిలో మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, లోపలికి వెళ్తే పిల్లలు చెదిరిపోతారని చెప్పి సీసీ కెమెరా తెర చూపించారు. ఆయా ఎంతమందిని చూస్తుందని మా వారు రెండుసార్లు అడిగినా సూటిగా చెప్పలేదు. పెంకుటింటి బడిలో టీచరు మమ్మల్ని నేల మీదే కూర్చోమన్నారు. పెరుగన్నం తిననని మొండికేసిన ఒక బాబు ముందు ఆవిడ తన క్యారేజీ విప్పుకొని తాను తింటూ కూర్చున్నారు. కొంతసేపటికి వాడే గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. అయితే గేటు గడియ నిజంగానే కిందికి ఉంది. ఆ మాట చెప్పగానే పైన మరొకటి బిగిస్తామన్నారు. అది బిగించాకే చేర్చుతామని చెప్పి వచ్చాము. క్రెష్ గురించి సోమవారం ఆఫీసులో అడుగుతాను. అంతవరకు మధ్యాహ్నాలు మా అత్తగారి దగ్గరే, పాప నిద్రపోయే వేళే గనుక ఆవిడకు అంత కష్టం కాదు.

విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్, గజపతినగరం

మంచిదమ్మా. మొదటి వారం ఒక గంటకే తీసుకువచ్చేయండి, తరువాత మెల్లగా పెంచండి. ఏడుస్తుందని భయపడి పాప చూడకుండా మాత్రం జారుకోకండి. ‘అన్నం తిన్నాక వస్తాను’ అని చెప్పి వెళ్లండి, సరిగ్గా ఆ వేళకే వెళ్లండి.