అప్‌డేట్: పాత గిటార్ మీద మసక పోయింది, మెడ వెనక జిగటకు కారణం దొరికింది

1960ల నాటి నా ఎలక్ట్రిక్ గిటార్ బాడీ మీద తెల్లటి మసక, మెడ వెనక జిగట ఉన్నాయని ఇంతకుముందు అడిగాను. నాఫ్తా (లైటర్లలో పోసే లాంటి పెట్రోలియం ద్రావకం), స్పిరిట్, అసిటోన్‌లలో ఒకదానితో తుడవమని, గాలిలో తేమ వల్లేమో అని సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మసకకు నాఫ్తానే పనిచేసింది. ముందు కంట్రోల్ ప్లేట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌లుండే పలక) కింద, బయటికి కనిపించని చోట రాసి చూశాను. గుడ్డకు రంగు అంటలేదు, లాకర్ (గిటార్ చెక్క మీది మెరిసే పూత) మెత్తబడలేదు. తర్వాత కాటన్ గుడ్డను కొద్దిగా తడిపి కొంచెం కొంచెంగా తుడిస్తే గోధుమరంగు జిడ్డు వచ్చింది. లాకర్‌కు ఏమీ కాలేదు, పైన పేరుకున్నది చెమట, పాత పాలిష్. నాఫ్తా ఇట్టే అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయండి.

జిగట మాత్రం కదల్లేదు. గిటార్లు రిపేర్ చేసే ఆయన చూడగానే స్టాండ్ గురించి అడిగారు. జిగట ఉన్నది సరిగ్గా స్టాండ్ రబ్బరు ఆనే చోటే! రబ్బరులోని ప్లాస్టిసైజర్లు (రబ్బరు మెత్తగా ఉండటానికి కలిపే రసాయనాలు) నా గిటార్‌కున్న నైట్రోసెల్యులోజ్ రకం లాకర్‌లోకి దిగి దాన్ని మెత్తబరుస్తాయట. అది మురికి కాదు కాబట్టి ఏ పాలిష్‌కీ పోదు. మెత్తబడ్డంత మేర గీకి, పల్చగా కొత్త లాకర్ వేశారు. స్పిరిట్, అసిటోన్ సలహాలు విని తల పట్టుకున్నారు, అవి లాకర్‌నే పాడుచేస్తాయి. సిలికాన్ పాలిష్ కూడా వద్దన్నారు, తర్వాత టచప్ చేయాల్సి వస్తే కొత్త లాకర్ సరిగా పరుచుకోదు.

గాలిలో తేమ గురించి అంత చర్చించుకున్నాం గానీ, తేమకూ ఈ మసక, జిగటలకూ సంబంధం లేదు. లాకర్ మీది సన్నటి పగుళ్లు అలాగే ఉన్నాయి. నాకవి ఇష్టమే, ముట్టుకోనివ్వలేదు.