ఫర్నేస్ ఉన్న ఇంట్ల ఇద్దరికీ తలనొప్పి, ఫ్లూ అనుకోవాల్నా?

మిర్యాలగూడ తమ్ముడు: అన్నలకు, అక్కలకు నమస్తే. అమెరికాల మిషిగన్ వచ్చి నెలయితుంది. కిరాయి ఇల్లు, బేస్‌మెంట్‌ల ఇల్లు వెచ్చగుంచే గ్యాస్ ఫర్నేస్. మా ఇంటామెకు ఏడో నెల. రెండు దినాలసంది ఇద్దరికీ పొద్దుగాల తలనొప్పి, కక్కొచ్చినట్టు. జ్వరం లేదు. ఆఫీసుకు వోతే నాకు తగ్గుతుంది. గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారం డబ్బా నిమిషానికోసారి కీచుమంటుంది.

దేవరకొండ అన్న: తమ్మీ, ముందుగాల ఇద్దరు బయటికి నడువుండ్రి. కిటికీలు తెరుసుకుంట లోపల ఆగొద్దు. బయట నిలవడి ఎమర్జెన్సీ నంబర్ 911కు ఫోన్ జేసి, కార్బన్ మోనాక్సైడ్ అనుమానముంది, ఇద్దరికి తలనొప్పి, ఒకామె గర్భవతి అని చెప్పుండ్రి. ఫైర్ వాళ్లు మీటర్‌తోని కొలిచి, ఇగ లోపలికి పోవచ్చు అనేదాక మళ్లీ లోపలికి అడుగు వెట్టొద్దు. ఫ్లూ అయితే చానమటుకు జ్వరమొస్తది, ఇల్లు దాటంగనే తగ్గదు. ఇంట్ల అందరికీ ఒక్కసారే వచ్చి బయటికి వోతే తగ్గుతుందంటే ఈ వాయువునే అనుమానించాలె. వాసనొస్తలేదు గదా అనుకోకు. సిలిండర్ గ్యాస్‌కు వాసన కావాలని కలుపుతరు. ఇది ఇంధనం సరిగ కాలక పుట్టేది, దీనికి వాసన లేదు, రంగు లేదు.

పాలమూరు అక్క, ఎమర్జెన్సీ నర్సు: వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపిచ్చినా నమ్మకుండ్రి. ఈ వాయువు పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడ అది ఆక్సిజన్ పట్టిందనే లెక్కవెడ్తది. రక్తంల ఈ వాయువు ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష చెయ్యుమని అడుగుండ్రి. మామూలు గాలి పీలిస్తే రక్తంల ఈ వాయువు సగం తగ్గనీకె 4-5 గంటలు వడ్తది, మాస్కుతోని 100 శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. కడుపుల బిడ్డ రక్తంల నుంచి తల్లికన్న ఆలిశెంగ పోతది. అందుకే చెల్లెకు తలనొప్పి తగ్గినా మాస్కు తియ్యమని తొందరవెట్టొద్దు. కడుపుతో ఉన్న సంగతి అందరికన్న ముందు చెప్పాలె.

సూర్యాపేట అన్న, ఫర్నేస్ పని: నిమిషానికోసారి కీచుమంటే బ్యాటరీ అయిపోయినట్టు, లేకుంటే డబ్బా గడువు తీరినట్టు. వాయువుంటే వరుసగ 4 బీప్‌లు, ఆగి మళ్ల 4. అంటే మీ డబ్బా ఇప్పుడు పనిజేస్తుందన్న భరోసా లేదు. కొత్తది పెట్టినా దాని లెక్క తెల్సుకో: 400 పీపీఎం (గాలిల పది లక్షల వంతులకు 400 వంతులు) ఉంటే 4-15 నిమిషాలల్ల మోగుతది, 150కి 10-50 నిమిషాలు, 70కి గంట నుంచి 4 గంటలు. 30 పీపీఎం నెలరోజులున్నా మోగకుండనే తయారుజేస్తరు. మోగలేదని నిమ్మళంగుండొద్దు. ప్రతి అంతస్తుల, పడుకునే గదుల దగ్గర ఒక్కోటి పెట్టుండ్రి.

ఫర్నేస్ బంద్ జేపిచ్చి, ఇంటి ఓనర్‌తోని టెక్నీషియన్‌ను పిలిపియ్యి. హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని ఇంటిగాలికి అందిచ్చే లోహపు గూడు) పగిలిందా, పొగగొట్టం ఊడిందా చూడాలె. గోడపక్కకెళ్లి బయటికొచ్చే ఫర్నేస్ తెల్ల ప్లాస్టిక్ పైపులకు మంచు అడ్డం పడ్తది, మంచు కురిసినప్పుడల్లా తియ్యాలె. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది గదా అని అండ్ల కారు ఇంజను నడిపిచ్చి ఉంచొద్దు. వెచ్చదనానికి గ్యాస్ అవెన్ ముట్టియ్యొద్దు.

పాలమూరు అక్క: ఇంకొకటి. కాన్పుకు అమ్మ వస్తే, బాలింతకు సాంబ్రాణి పొగ పట్టనీకె బొగ్గుల కుంపటి అడుగుతది. మన గూనపెంకుల ఇండ్లకు సందులల్లకెళ్లి గాలాడ్తది, ఇక్కడ చలికి ఇల్లంత బిర్రుగ మూసుంటది. పొగ పోయి ఎర్రగ రాజుకున్న బొగ్గు కూడ ఈ వాయువు ఇడుస్తనే ఉంటది. ఆమె రాకముందే ఫోన్ల చెప్పి ఒప్పియ్యి, తల ఆరనీకె హెయిర్ డ్రయ్యర్ చాలు.