విండ్ టర్బైన్ మోడల్ తిరుగుతోంది కానీ ఎల్‌ఈడీ వెలగట్లేదు

ప్రత్యామ్నాయ ఇంధనాల మీద స్కూల్ ప్రాజెక్ట్ కోసం చిన్న విండ్ టర్బైన్ చేస్తున్నా, బొమ్మ కారులోంచి తీసిన 3 వోల్టుల డీసీ మోటార్‌నే జనరేటర్‌గా పెట్టి ప్లాస్టిక్ బాటిల్ కోసి చేసిన మూడు రెక్కలు దానికే బిగించా. టేబుల్ ఫ్యాన్ ముందు బాగానే తిరుగుతోంది కానీ మల్టీమీటర్‌లో 0.6 వోల్టులు దాటట్లేదు, ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 1.8 కావాలి కదా. వైర్లు తిప్పి కలిపా, రెక్కల కోణం మార్చా, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టా, ఊహూ. షాఫ్ట్‌కి దారం చుట్టి గట్టిగా లాగితే మాత్రం ఒక్క క్షణం వెలిగింది, అంటే మోటార్, ఎల్‌ఈడీ రెండూ బానే ఉన్నాయి, స్పీడే చాలట్లేదు. (సోలార్ ప్యానెల్ పెట్టేయమనకండి, కొని అతికించడంలో మజా ఏముంది.) రెక్కల వైపు పెద్ద చక్రం, మోటార్ వైపు చిన్న చక్రం పెట్టి రబ్బర్ బ్యాండ్‌తో కలిపితే సరిపడా స్పీడ్ వస్తుందా, లేక ఆ లోడ్‌కి రెక్కలే ఆగిపోతాయా?