గేమ్ మధ్యలో స్క్రీన్ నల్లబడి డ్రైవర్ క్రాష్ అవుతోంది, కార్డు పోయినట్టేనా?

కృష్ణలంక_కుర్రాడు

అన్నలూ, అక్కలూ, మూడు వారాలుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాక అడుగుతున్నాను. జనవరిలో సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు అది, పాత కార్డు అమ్మగా వచ్చింది కూడా అందులోనే కలిపాను, కాబట్టి ఇది పోతే ఇప్పట్లో ఇంకోటి కొనలేను. మార్చి దాకా ఒక్క ఇబ్బంది లేదు. ఏప్రిల్ నుంచి ఏ పెద్ద గేమ్ పెట్టినా ఇరవై నిమిషాలకో నలభై నిమిషాలకో స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడుతుంది, సౌండ్ మాత్రం వస్తూనే ఉంటుంది, రెండు మూడు సెకన్లకు డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది కానీ గేమ్ క్లోజ్ అయిపోయి ఉంటుంది. విండోస్ తన ఎర్రర్లు రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రతిసారీ 4101 నంబరు, ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అనే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్ళీ కోలుకుందని.

రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 650 వాట్ల పవర్ సప్లై, విండోస్ 11. కొత్త డ్రైవర్ వేశాను, పాతది వేశాను, గేమ్ తీసేసి మళ్ళీ ఎక్కించాను, చివరికి విండోస్ కూడా మొత్తం కొత్తగా వేశాను. ఎవరో వీడియోలో చెప్పారని విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే (కార్డు జవాబు కోసం విండోస్ ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పేది) 10 పెట్టాను, దాంతో స్క్రీన్ పది సెకన్లు బిగుసుకుపోయి ఆ తర్వాత క్రాష్ అవుతోంది, అంతే తేడా. ఇక్కడ ఒక షాపుకు తీసుకెళ్తే క్యాబినెట్ తెరవకుండానే "కార్డు పోయింది, వేరేది తీసుకో" అన్నారు. గదిలో ఏసీ కూడా ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాం, వోల్టేజ్ వల్లేమోనని ఒక అనుమానం. రాత్రిళ్ళు ఇదే టెన్షన్.

బ్రాడీపేట_రిపేర్లు

తమ్ముడూ, ముందు ఆ టీడీఆర్ డిలే తీసేయ్. అది మందు కాదు. గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పజెప్పాక రెండు సెకన్లలోపు జవాబు రాకపోతే విండోసే డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది, విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. 4101 అంటే ఆ రీసెట్ జరిగిందని మాత్రమే. కార్డు ఎందుకు ఆగిందో అందులో ఉండదు. డ్రైవరే చెడిపోయి ఉండొచ్చు, వేడి కావచ్చు, కరెంటు సరిగ్గా అందక కావచ్చు, ర్యామ్‌లో తప్పు కావచ్చు, నిజంగా కార్డే పోయి ఉండొచ్చు, వీటన్నిటికీ రాసే లైను ఒక్కటే. గుంటూరులో నా దగ్గరికి ఈ కంప్లయింట్‌తో వచ్చేవాళ్ళలో చాలామంది డ్రైవర్‌నే ఐదారుసార్లు మార్చుకుని వస్తారు, వాళ్ళ తప్పు కాదు, మెసేజ్‌లో ఆ పేరే కనపడుతుంది కదా.

డ్రైవర్ సంగతి ఒక్కసారి గట్టిగా తేల్చేద్దాం. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ ఆనవాలు లేకుండా తుడిచి, మామూలుగా ఆన్ చేసి, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న డ్రైవర్ వెయ్యి. నెట్ ఉంచితే మనం తుడుస్తుండగానే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన వెర్షన్ తెచ్చి పెడుతుంది. దీని తర్వాత కూడా క్రాష్ అయితే ఇక డ్రైవర్ జోలికి వెళ్ళకు.

ఏసీ గురించి: కంప్రెసర్ ఆన్ అయినప్పుడు వోల్టేజ్ పడి, దానికి నీ పవర్ సప్లై తట్టుకోలేకపోతే మొత్తం కంప్యూటరే ఆగిపోవడమో రీస్టార్ట్ అవడమో జరుగుతుంది, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని పడుతుంది. నీకు సౌండ్ వస్తూనే ఉందంటే మెషీన్ బతికే ఉంది, కార్డు ఒక్కటే పడిపోతోంది. అందుకని నాకు ఏసీ మీద పెద్దగా అనుమానం లేదు.

నాకు కావలసింది ఇంకో సంగతి. మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య ఆ క్యాబినెట్‌లో ఏం మారింది? నువ్వు కావాలని మార్చకపోయినా సరే, ఏ చిన్న విషయమైనా బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు.

పటమట_అక్క

నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను, పోయిన వేసవిలో నాకూ అచ్చం ఇలాగే అయింది, పెళ్ళి వీడియో రెండర్ సగంలో ఉండగా స్క్రీన్ పోయేది, క్లయింటుకు జవాబు చెప్పలేక ఏడ్చినంత పనయింది. తమ్ముడూ, టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో టూల్ పెట్టుకుని గేమ్ ఆడుతూ రెండు అంకెలు చూడు, జీపీయూ (కార్డులోని చిప్) టెంపరేచర్ ఒకటి, ఆ చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు, అంటే హాట్ స్పాట్ ఒకటి. మామూలు టెంపరేచర్ ఒక్కటే చూస్తే మోసపోతాం. 75 చూపిస్తూ హాట్ స్పాట్ 105 ఉంటే లోపల చిప్ వేడిని బయటికి చేరవేసే పేస్ట్ ఎండిపోయిందని అర్థం, సెకండ్ హ్యాండ్ కార్డుల్లో ఇది మామూలే. రెండిటికీ పది పదిహేను డిగ్రీల తేడా ఉంటే భయం లేదు. మే నెలలో మన బెజవాడ గదుల్లో గాలే సెగలా ఉంటుంది, ఆ గాలితోనే కదా ఆ ఫ్యాన్లు కార్డును చల్లబరచాలి.

నాకు మాత్రం చివరికి తేలింది ర్యామ్. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంది, అది ఆఫ్ చేశాక క్రాష్‌లు ఆగాయి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్ డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడిపిస్తే ఒక స్టిక్‌లో తప్పులు వరసగా వచ్చాయి. అది తీసేసి కొత్తది వేసుకున్నాను. అప్పటిదాకా నేను కార్డునే తిట్టుకున్నాను. ఏదైనా సరే ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది నోట్‌బుక్‌లో రాసుకో. నాలుగు ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, డీడీయూతో మీరు చెప్పినట్టే తుడిచి వేశాను, అరగంటకు మళ్ళీ క్రాష్. అక్కా, టెంపరేచర్ 77, హాట్ స్పాట్ 90 దగ్గర ఉంటోంది. ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి చూశాను, తేడా లేదు. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాను, ఒక్క తప్పూ రాలేదు.

ఏం మారిందని అడిగారు కదా. నేనేమీ మార్చలేదని రాయబోయాను, కానీ అమ్మ గుర్తు చేసింది, ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు నేను క్యాబినెట్ విప్పి దుమ్మంతా దులిపాను. కార్డు తీసి బ్రష్‌తో తుడిచి మళ్ళీ పెట్టాను. ఇంతకుముందు పవర్ సప్లై నుంచి కార్డుకు రెండు కరెంటు కేబుళ్ళు వేరువేరుగా ఉండేవి, ఒకే కేబుల్‌కు చివర రెండు ప్లగ్గులు ఉన్నాయి కదా, రెండోది ఎందుకులే, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని ఒక్కదాంతోనే రెండు సాకెట్లకూ పెట్టేశాను. దీనివల్ల ఏమైనా అవుతుందా?

బ్రాడీపేట_రిపేర్లు

అవుతుంది తమ్ముడూ, చాలా అవుతుంది. లెక్క చూడు. 3070 రేటింగ్ 220 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు వస్తాయి, ఎనిమిది పిన్నుల ప్లగ్ ఒక్కోదానికి స్పెసిఫికేషన్ ప్రకారం 150. అంటే మిగిలిందంతా ఆ ప్లగ్గుల గుండానే రావాలి, నువ్వు దాన్నంతా ఒకే కేబుల్ మీద వేశావు. పైగా 220 అనేది సగటు. గేమ్‌లో ఒక పేలుడో, ఒక కొత్త సీనో వచ్చినప్పుడు ఈ 3000 సిరీస్ కార్డులు సెకనులో వెయ్యో వంతులు మాత్రం ఉండే క్షణంలో దానికంటే బాగా ఎక్కువ లాగుతాయి. తీగ సన్నగా ఉన్నా, ప్లగ్ కాస్త వదులుగా ఉన్నా ఆ క్షణంలో కార్డు దగ్గర 12 వోల్టులు కిందికి జారుతాయి, కార్డు తడబడుతుంది, రెండు సెకన్లు చూసి విండోస్ రీసెట్ కొడుతుంది. కొందరికి ఒకే కేబుల్‌తో ఏళ్ళ తరబడి నడుస్తుంది, కాదనను, అది కేబుల్ నాణ్యత బట్టి.

నువ్వు కేబుల్ ముట్టుకోకముందే ఒక పరీక్ష చెయ్యి, దీనికి పైసా ఖర్చు లేదు. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ టూల్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించి అదే గేమ్ రెండు గంటలు ఆడు. అప్పుడు క్రాష్ రాకపోతే మనం సరైన దారిలోనే ఉన్నట్టు. ఆ తర్వాత లిమిట్ మళ్ళీ 100కు పెంచి, రెండో కేబుల్ పెట్టి చూడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: రెండో కేబుల్ నీ పవర్ సప్లై డబ్బాలో వచ్చిందే అయి ఉండాలి. దొరకలేదని స్నేహితుడి దగ్గర వేరే కంపెనీది తెచ్చి పెట్టకు. కార్డు వైపు ప్లగ్ అందరిదీ ఒకటే కానీ పవర్ సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, సరిగ్గా దిగుతుంది, స్విచ్ వేయగానే కార్డు కాలిపోతుంది. అలా పోయిన కార్డులు నేను చూశాను, వాటికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

లక్ష్మీపురం_శ్రీను

అడిగిన తమ్ముడిది రైజెన్ కాబట్టి అతనికి వర్తించదు, కానీ ఇదే ఇబ్బందితో చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయి, అన్‌రియల్ ఇంజన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేముల్లో షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలట్లేదని ఎర్రర్ వచ్చి మూసుకుపోతుంటే, కార్డులో బోలెడు మెమరీ ఖాళీ ఉన్నా అలాగే వస్తుంటే, ముందు ప్రాసెసర్‌ను అనుమానించండి. ఆ రెండు తరాల్లో వోల్టేజ్ సమస్య ఉందని ఇంటెలే ఒప్పుకుని 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. బయోస్ అప్‌డేట్ చేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం అప్‌డేట్ బాగుచేయదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాల్సిందే.

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, 70 శాతం పెట్టి శనివారం రెండున్నర గంటలు ఆడాను, ఒక్క క్రాష్ లేదు. ఆదివారం అటక మీద నుంచి పవర్ సప్లై డబ్బా దించితే రెండో కేబుల్ కవర్‌లోనే ఉంది. అది పెట్టి లిమిట్ 100కు పెంచాను. ఇవాళ్టికి నాలుగో సాయంత్రం, ఏసీ వేసీ ఆడాను, ఏసీ లేకుండా తలుపులు మూసుకునీ ఆడాను, ఈవెంట్ వ్యూయర్‌లో కొత్తగా 4101 ఒక్కటి కూడా పడలేదు. టీడీఆర్ డిలే కూడా తీసేశాను.

ఒకటి చెప్పాలి, పాత కేబుల్ పీకినప్పుడు చూస్తే మొదటి ప్లగ్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కొంచెం గోధుమ రంగులోకి తిరిగి ఉంది. కార్డు వైపు సాకెట్ టార్చి వేసి చూశాను, శుభ్రంగానే ఉంది. ఇప్పుడు ఒక సాకెట్‌కు డబ్బాలోని రెండో కేబుల్, ఇంకో సాకెట్‌కు ఆ పాతదాని రెండో ప్లగ్ పెట్టాను. ఇలా ఉంచొచ్చా?

బ్రాడీపేట_రిపేర్లు

వద్దు. నాలుగు రోజులు నడిచిందని ఉంచెయ్యకు, రంగు మారిన కేబుల్ ఈ రాత్రికే తీసెయ్. అదే కంపెనీ, అదే మోడల్‌కు కేబుల్ కావాలని వాళ్ళ సర్వీసుకు మెయిల్ పెట్టు, ఫోటో జత చెయ్యి. అది వచ్చేదాకా కంప్యూటర్ కావాలంటే పాత కేబుల్ పక్కన పెట్టి, డబ్బాలో దొరికిన ఆ రెండో కేబుల్ రెండు ప్లగ్గులతోనే, పవర్ లిమిట్ 70లో చదువు వరకు వాడుకో, పెద్ద గేములు ఆపెయ్. ప్లగ్ పెట్టేటప్పుడు క్లిప్ టక్‌మని పడిందో లేదో వేలితో తడిమి చూసుకో.