మూతబడ్డ జిన్నింగ్ మిల్లు మిషన్లు: గుత్తగా ఇచ్చేయాలా, విడదీసి అమ్మాలా?

ప్రశ్న (జమ్మికుంట నుంచి)

అందరికీ నమస్తే. మా బాపు, ఇంకో ఇద్దరు భాగస్తులు కలిసి పెట్టిన జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ తీసేది) కొన్ని సీజన్ల నుంచి నడుస్తలేదు. లోపల 24 డబుల్ రోలర్ జిన్నులు (గింజ తీసే మిషన్లు), బేళ్లు కట్టే హైడ్రాలిక్ ప్రెస్, మా సొంత ట్రాన్స్‌ఫార్మర్, ఒక జనరేటర్ ఉన్నయి. జిన్నులన్నీ చేత్తో పత్తి వేసేటివే, ఆటో ఫీడర్ లేదు. పాత ఇనుము కొనే సేటు వచ్చి చూసి, అన్నీ కలిపి గుత్తగా 9 లక్షలు ఇస్తనన్నడు. తెచ్చినప్పుడు పెట్టిన పైసలు తల్చుకుంటే బాపుకు మనసొప్పుతలేదు, ఉండనీ అంటున్నడు. షెడ్డును మాత్రం వడ్ల గోదాముకు కిరాయికి అడుగుతున్నరు. ఏం చేస్తే నయం?

జవాబు (హుజూరాబాద్)

తొందరపడకు తమ్మీ. పత్తి రేటు లేస్తే మిల్లులకు మళ్ల గిరాకీ వస్తది. రెండు సీజన్లు చూడు.

జవాబు (పరకాల, జిన్నింగ్ ఫిట్టర్‌ను)

అన్నా, రేటు లేచినా ఈ జిన్నులకు గిరాకీ రాదు. 2000లో కేంద్రం టెక్నాలజీ మిషన్ ఆన్ కాటన్ అనే పథకం పెట్టిన కాడి నుంచి మిల్లుల తీరే మారింది. ఆటో ఫీడర్, కన్వేయరు, ప్రెస్ ఒకే ఆవరణలో ఉండాలె, పత్తి కింద పడొద్దు, చెత్త కలవొద్దు. చేత్తో వేసే జిన్నుకు కూలీ ఎక్కువ, పని తక్కువ. ఆ లెక్కతోటి దాన్ని మళ్ల నడిపేటోళ్లు ఇక్కడ లేరు. తమ్మీ, బాపుకు ఒక్క మాట నెమ్మదిగా చెప్పు: కొన్న రేటు ఎప్పుడో ఖర్చయిపోయింది. ఇప్పుడు చూడాల్సింది షెడ్డు ఖాళీగా ఉంటే నెల నెలా పోయే కిరాయిని.

గుత్తకు మాత్రం ఇయ్యకు. సేటు లాభమంతా మీరు లెక్క పెట్టని వస్తువుల్లోనే ఉంటది. మిల్లును మూడు కుప్పలు అనుకో.

మొదటిది, పని చేసే వస్తువులు. జనరేటర్‌ను స్టార్ట్ చేసి చూపిస్తే ఇనుము రేటుకు ఎంతో పైన పోతది. మోటార్లు కూడా అంతే. జిన్నుకొకటి చొప్పున 24 ఉంటయి కదా, బోరింగ్, మోటార్ వైండింగ్ షాపులోళ్లు ఒక్కొక్కటిగా కొంటరు. స్టార్టర్లు, ప్యానెల్ బోర్డు, కేబుల్ వేరే. కేబుల్‌లో రాగి ఉందా, అల్యూమినియమా అని కోసి చూడండి, రేటులో చాలా తేడా.

రెండోది, విడిభాగాలు. ప్రెస్ సిలిండర్లు, పంపులు, వాల్వులు, జిన్ను గేర్లు, బీటర్ షాఫ్టులు. వీటికి ఇక్కడ కొనేటోళ్లు తక్కువ, కానీ జిన్నింగ్ మిషన్లకు నాగ్‌పూర్ పెద్ద అడ్డా. అక్కడ పాత మిషన్లు బాగు చేసి అమ్మేటోళ్లు ఉన్నరు. కంపెనీ పేరు, మోడల్, నేమ్ ప్లేటు ఫోటో తీసి పంపండి. ముందుగాల విప్పితే ధర పోతది, నిలబెట్టి ఉన్నప్పుడే చూపియ్యాలె.

మూడోది తుక్కు. ఇందులో గూడ బీడు ఇనుము వేరే, మామూలు ఇనుము వేరే, స్టీలు వేరే. కలిపితే తక్కువ రేటు దానికే అన్నీ పోతయి. మిషన్ క్యాటలాగులో బరువు రాసి ఉంటది. 24తో గుణించి, ప్రెస్ బరువు కలిపి, ఆ రోజు కిలో రేటు వేసి చూడు. ఆ తొమ్మిది లక్షలు ఎక్కడ నిలుస్తయో నీకే తెలుస్తది. అమ్మేటప్పుడు లారీ ఖాళీ తూకం, నిండు తూకం రెండూ నీ ముందట కావాలె. కాంటా మీరు ఎంచుకున్నదై ఉండాలె, సేటు చెప్పింది కాదు. ఖాళీ తూకమప్పుడు లారీలో మనుషులు, నీళ్ల డ్రమ్ములు ఉంటే దింపించు. పైసలు ముందు ఖాతాల పడ్డంకనే లారీ గేటు దాటాలె.

జవాబు (హన్మకొండ, మిల్లుల లెక్కలు చూస్తాను)

పైన చెప్పినవన్నీ సరే, కానీ అమ్మే ముందు కాగితాలు. ఇది భాగస్వామ్య మిల్లు, కాబట్టి ముగ్గురి సంతకాలతో అంగీకార పత్రం రాసుకోండి. మిషన్ల మీద బ్యాంకు అప్పు తీరిపోయినా హైపోథికేషన్ (మిషన్ల మీద బ్యాంకు తాకట్టు) తీసేయించుకోని వాళ్లు చాలామంది ఉంటారు. బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ఒక్క బోల్టు కూడా కదపకండి. సబ్సిడీ తీసుకున్నట్టయితే మంజూరు పత్రంలో షరతులు చదవండి.

జీఎస్టీ నమోదు ఇంకా ఉంటే బిల్లు కొట్టాల్సిందే. ఇనుప తుక్కు మీద 18 శాతం. కొనేవారికీ జీఎస్టీ నమోదు ఉండి, ఒప్పందం విలువ రెండున్నర లక్షలు దాటితే, 2024 అక్టోబర్ 10 నుంచి వాళ్లు 2 శాతం టీడీఎస్ (మీకిచ్చే సొమ్ములోంచి ముందే మినహాయించే పన్ను) పట్టుకోవాలి. అది జీఎస్టీ సైటులో మీ క్యాష్ లెడ్జర్‌లో కనిపిస్తుంది, పోయింది అనుకోకండి. ఆదాయపు పన్నులో మెషినరీ అంతా ఒకే బ్లాకు, అంటే అన్నిటికీ కలిపి ఒకే తరుగుదల లెక్క. అన్నీ అమ్మేసి బ్లాకు ఖాళీ అయితే, వచ్చిన సొమ్ముకూ పుస్తకాల్లో మిగిలిన విలువకూ తేడాను షార్ట్ టర్మ్ లాభంగానో నష్టంగానో చూపాలి. ఏళ్ల తరబడి 15 శాతం తరుగుదల రాసి ఉంటారు కనుక మిగిలిన విలువ చాలా తక్కువ ఉంటుంది, అంటే పన్ను కట్టాల్సి రావచ్చు. బిల్లు లేకుండా నగదు ఇస్తామనే సేటు మాట వినకండి, రేపు సమాధానం చెప్పాల్సింది మీరే.

జవాబు (వరంగల్, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్)

కనెక్షన్ హెచ్‌టీ (హై టెన్షన్) అయి ఉంటది, సర్వీసు రద్దు చేయమని రాసి ఇవ్వనంత వరకు కనీస చార్జీలు పడుతూనే ఉంటయి. లైను డిపార్ట్‌మెంటు వాళ్లే తీయాలె, మీ ఫిట్టర్ కాదు. కరెంటు కంపెనీ ఎన్పీడీసీఎల్‌లో పాత బకాయి, డిపాజిట్ రెండూ తేల్చుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను తుక్కులో వేయకండి, నడిచేదైతే రిపేరు షాపు వాళ్లు మొత్తంగా కొంటరు. నూనె నేల మీద పారబోయించొద్దు. వాడిన నూనెను కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలె. మిల్లు ఖాళీగా ఉందని తెలిస్తే రాగి కోసం దొంగలు వస్తరు, అమ్మేదాకా రాత్రి మనిషిని పెట్టండి.

ప్రశ్న (జమ్మికుంట నుంచి)

చాలా థాంక్స్. బాపును కూర్చోబెట్టి చదివి వినిపించిన, ఒప్పుకున్నడు. బ్యాంకుకు రేపే పోతున్న. రెండు సంగతులు: గ్యాస్ కటింగ్ చేయించొచ్చా? పాత రోలర్లు, వాటి తోలు ఏం చేయాలె?

జవాబు (పరకాల, జిన్నింగ్ ఫిట్టర్‌ను)

కటింగ్ పెట్టే ముందు షెడ్డు మొత్తం ఊడ్పించు. దూలాల మీద, డక్టుల్లో, ప్రెస్ గుంటలో ఏండ్ల నాటి నూగు పేరుకుని ఉంటది. ఒక్క నిప్పురవ్వ చాలు, లోపల్లోపల కాలి తెల్లారి అంటుకుంటది. వీలైనంత వరకు బోల్టులు విప్పించు, కోయాల్సినవి బయటికి తెచ్చి కోయించు. నీళ్లు, ఇసుక బకెట్లు దగ్గర పెట్టు, పని ఆగినంక ఇంకా కొన్ని గంటలు మనిషి అక్కడే ఉండాలె.

రోలర్ల మీదిది క్రోమ్ తోలు. కూలీలు షాఫ్టు కోసమని దాన్ని కాల్చేస్తరు, అది అస్సలు చేయనియ్యకు. కాలితే క్రోమియం మరింత విషంగా మారొచ్చు, పొగ పీల్చినోళ్లకే ముప్పు. ఆ తోలు దుమ్ము బాధతోనే ముంబై సిర్‌కాట్ (పత్తి పరిశోధన సంస్థ) వాళ్లు క్రోమ్ లేని రోలర్లు తయారు చేసిన్రు. తోలు వాషర్లు (బిళ్లలు) షాఫ్టు మీదికెళ్లి గుంజి తీసి, సంచుల్లో కట్టి, కాలుష్య మండలి ఆఫీసులో అడిగి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేటోళ్లకు అప్పజెప్పు. షాఫ్టులు మంచి స్టీలు, వాటిని వేరేగా తూకం వేయించు.