తైపూసం సెలవుకి పామాయిల్ పొజిషన్ ఉంచాలా? దాతోక్ చెట్టు మొక్కు సంగతి కూడా చెప్పండి

కొబ్బరితోట, బాగాన్ దాతుక్
మలేషియా పామాయిల్ ఫ్యూచర్స్‌లో (ముందు తేదీ సరుకు ఒప్పందాల్లో) రెండు లాట్లు లాంగ్‌లో ఉన్నాను, అంటే ధర పెరుగుతుందని కొని ఉంచాను. ఎల్లుండి మురుగన్ పండుగ తైపూసం, మా ఎక్స్ఛేంజి బుర్సాకి సెలవు. డైలీ చార్టులో ధర 50 రోజుల సగటును తాకి పైకి లేచింది, ధర ఊపు చూపే ఆర్‌ఎస్‌ఐ 60 దగ్గరుంది. పొజిషన్ సెలవు దాటించాలా, రేపే మూసేయాలా?
ఇంకో మాట. మా ఎస్టేటు మలుపులో మర్రిచెట్టు కింద ఈ నేల కాపలా దైవం దాతోక్ గుడి ఉంది. ట్రేడ్ పెట్టే ముందు అక్కడ కెమెన్యాన్ (సాంబ్రాణి) పొగ వేసి దణ్ణం పెట్టుకుంటాను. ఇంట్లో వేంకటేశ్వరస్వామి దీపం ఎలాగూ ఉంటుంది. అమ్మకి ఈ దాతోక్ సంగతి నచ్చడం లేదు. మీ అనుభవాలు రాయండి.

క్లాంగ్ బాబాయ్
మూసెయ్ తమ్ముడూ. స్టాప్ లాస్ (ధర ఇంతకి పడితే అమ్మేయమనే ఆర్డరు) ఉందిగా అనుకోకు. మనకి సెలవైనా షికాగోలో మన ధరని లాగే సోయా నూనె కదులుతూనే ఉంటుంది. మర్నాడు పదిన్నరకి మన మార్కెట్ తెరిచేసరికి ధర నీ స్టాప్‌ని దాటేసి ఉండొచ్చు. లాటుకి 25 టన్నులు. వంద రింగిట్ల గ్యాప్ పడితే లాటుకి 2,500 పోయినట్టే. ఒక దీపావళి సెలవప్పుడు నాకిదే జరిగింది. పైగా మా బ్రోకరు ముందురోజు సాయంత్రం మార్జిన్ (కట్టాల్సిన హామీ డబ్బు) పెంచి, ఫోన్ కూడా చెయ్యలేదు. ఆ మంట ఇంకా తగ్గలేదు.

నిఫ్టీ నరసింహం, హైదరాబాద్
మా దగ్గర దీపావళి రోజు గంటసేపు ముహూరత్ ట్రేడింగ్ ఉంటుంది. లక్ష్మీపూజ చేసి ఒక మంచి షేరు కొని దాచుకుంటాం, అంతే. ఆప్షన్లు ముట్టను. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఇచ్చిన లెక్క చూడండి: మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారు. మా తమ్ముడు అందులో ఉన్నాడు. ఇల్లు అమ్మాడు.

పెరుమాళ్ళ దాసుడు, జొహోర్
చార్టుల సంగతి నాకు తెలియదు. స్వామి దీపం పెట్టిన చేత్తో భూతానికి పొగ వేయడమేంటి బాబూ? మీ అమ్మగారి మాట విను.

ఎస్టేటు మనవరాలు, తెలుక్ ఇంతాన్
భూతం అనకండి! మా తాతలు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఈ అడవి కొట్టారు. ఈ నేలకి అంతకు ముందే కాపలా ఉంది, ఆయనే దాతోక్. ఊళ్ళో పోలేరమ్మకి మొక్కకుండా ఏ పనైనా మొదలుపెట్టేవాళ్ళా? ఇక్కడ కూడా అలాగే మొక్కారు.

పెరుమాళ్ళ దాసుడు, జొహోర్
పోలేరమ్మ అమ్మవారమ్మా. దాతోక్ ఎవరో ముస్లిం పెద్దాయన సమాధి. రెండూ ఒకటి చేయకు.

ఎస్టేటు మనవరాలు, తెలుక్ ఇంతాన్
కొన్ని కెరామత్‌లు (దాతోక్‌కి మొక్కే చోట్లు) సమాధులే, కాదనను. కానీ పెద్ద బండ, పుట్ట, చెట్టు దగ్గర ఉన్నవి ఎవరి సమాధులండీ? చెట్టుకీ, రాయికీ, వరికీ సెమంగత్ అనే ప్రాణం ఉంటుందనేది మలయ్ వాళ్ళ పాత నమ్మకం. వరి కోసేటప్పుడు ఆ ప్రాణం బెదరకూడదని అరచేతిలో ఇమిడే చిన్న కత్తితో ఒక్కో కంకీ కోసేవారు. ఇప్పుడు ఇస్లాం పెద్దలు ఇది షిర్క్ (దేవుడికి సాటి కల్పించే పాపం) అంటారు కాబట్టి మలయ్ వాళ్ళు తగ్గారు, చైనా వాళ్ళూ మనవాళ్ళూ చూసుకుంటున్నారు. దాతోక్ ముస్లిం అనే గౌరవంతో పంది మాంసం ఆ దరిదాపుల్లోకి రానివ్వరు. తమలపాకు, నీపా ఆకు చుట్ట, పసుపు అన్నం పెడతారు. ఇందులో మీకు భూతం ఎక్కడ కనిపించింది?

ఇపో పాత కాపు
అమ్మాయి సరిగ్గా చెప్పింది. మా కింతా లోయలో తగరం గనులకి పావాంగ్ అనే మంత్రగాడు ఉండేవాడు. తగరానికి ప్రాణముందనీ, దున్నపోతు రూపంలో భూమి లోపల తిరుగుతుందనీ నమ్మేవారు. గనిలో ఏనుగు పేరు ఎత్తకూడదు. బంగారానికి కాపలా జింక. ఈ దేశం బంగారు నాణెం మీదా జింకే ఉంది, పేరు కూడా కిజాంగ్ ఎమాస్, అంటే బంగారు జింక.

పాత ఫ్లోరు, కౌలాలంపూర్
1980లో ఈ కాంట్రాక్టు మొదలైనప్పటి నుంచి చూస్తున్నవాణ్ని, నా మాట వినండి. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఎగుమతులు ఆపింది. అప్పటికే ధర టన్నుకి 7,000 రింగిట్లు చూసింది. సెప్టెంబరుకల్లా సగానికన్నా కిందికి పోయింది. అన్ని సగటు గీతలూ పైకే చూస్తుంటే కొన్నవాళ్ళంతా మునిగారు. నేను చార్టు పక్కన పెట్టి, నెలనెలా 10న వచ్చే ఎంపీఓబీ (మలేషియా పామాయిల్ బోర్డు) నిల్వల లెక్క చూశాను. అమ్మాను, నిలబడ్డాను.

నిఫ్టీ నరసింహం, హైదరాబాద్
అయితే చార్టు దండగ అంటారా? క్యాండిల్స్ (చార్టులో ధర చూపే కడ్డీలు) జపాన్ బియ్యం వ్యాపారుల నుంచి వచ్చినవి, సరుకు కోసమే పుట్టాయి.

పాత ఫ్లోరు, కౌలాలంపూర్
దండగ అనలేదు. నిల్వలు తెలియకుండా గీతలు గీయొద్దన్నాను. మీరు నిఫ్టీ చూసుకోండి.

కూసు దీవి, సింగపూర్
మా దగ్గర దీవి కొండ మీద మూడు కెరామత్‌లున్నాయి, 2022లో నిప్పంటుకుని దెబ్బతిన్నాయి. ఏటా చైనా వాళ్ళ తొమ్మిదో నెలలో జనం మెట్లెక్కి వచ్చేవారు. కొందరు లాటరీ నంబర్లు అడిగేవారు, నాకది నచ్చదు. నేను పిల్లల ఆరోగ్యం అడిగాను, దక్కింది. ఎంట్రీ ధర మాత్రం ఏ దేవుణ్నీ అడగను.

కొబ్బరితోట, బాగాన్ దాతుక్
నేనూ ధర అడగను అక్కా, చెయ్యి వణక్కుండా ఉంచమని అడుగుతాను. బాబాయ్, ఒక లాటు తీసేస్తున్నాను. రాత్రి కౌలాలంపూర్ నుంచి బయల్దేరే మురుగన్ వెండి రథం వెంట ‘బాటు కేవ్స్’ గుహల గుడి దాకా నడుస్తా. ఫ్లోరు గారూ, రెండో లాటుకి పుట్ ఆప్షన్ (ధర పడినా ముందనుకున్న రేటుకి అమ్మే హక్కు) కొంటే సరిపోతుందా?

పాత ఫ్లోరు, కౌలాలంపూర్
అందులో కొనేవాడూ అమ్మేవాడూ తక్కువ, ధరల మధ్య తేడా నిన్ను మింగేస్తుంది. రెండోది కూడా తీసెయ్.